బీచ్ వేదిక మీద కొత్త జోకు ఎందుకు తేలిపోతుంది

స్టాండప్ చేసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సలహా ఒకటుంది: కొత్త మెటీరియల్ ఉంటే ఫెస్టివల్లో చెయ్యి అని. మాట మంచిదే, పుట్టిన ఊరే వేరు. స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో అది అక్షరాలా పనికొస్తుంది. మన విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఇసుక మీద వేసిన స్టేజీ ఎక్కి అదే సలహా పాటిస్తే, నెలన్నర కూర్చుని రాసుకున్న బిట్ మూడు నిమిషాల్లో చేజారిపోతుంది. పైగా జోకే బాగాలేదా, ఆ రోజు గాలీ కుర్చీలూ బాగాలేవా అన్నది కూడా తేలదు. ఈ రెండో నష్టమే పెద్దది. బాగాలేని జోకు పోతే పోయింది. బాగున్న జోకును బాగాలేదనుకుని పారేస్తే మళ్లీ దొరకదు.

ముందు ఎడింబరో సంగతి చూద్దాం. 1947లో ఎడింబరోలో అధికారిక కళోత్సవం జరుగుతుంటే, పిలుపు లేకుండానే ఎనిమిది నాటక బృందాలు వచ్చి తమ దారిన తాము ఆడుకున్నాయి. దాని నుంచే ఫ్రింజ్ అనే ఉత్సవం పుట్టింది. ఇప్పుడది ఆగస్టులో మూడు వారాలకు పైగా సాగుతుంది. కమెడియన్ ఓ చిన్న గది తీసుకుంటాడు. యాభయ్యో అరవయ్యో కుర్చీలుంటాయి. రోజూ అదే టైముకి అదే గంట షో. ఇంకా తయారవుతున్న షో అయితే ఆ మాట ప్రకటనలోనే రాసి, టికెట్ ధర తగ్గించి అమ్మేవాళ్లున్నారు. 1996 నుంచి టికెట్టే లేని ఫ్రీ ఫ్రింజ్ కూడా నడుస్తోంది, చూసినవాళ్లు వెళ్లేటప్పుడు బకెట్లో తోచినంత వేస్తారు. 1987లో మొదలైన మెల్‌బోర్న్ కామెడీ ఫెస్టివల్లోనూ షోలు ఇలాగే వారాల తరబడి నడుస్తాయి. అంటే అక్కడ ఒకే జోకు ఇరవై రాత్రులు, ఇరవై రకాల జనం ముందు పడుతుంది. నాలుగో రాత్రి తేలిపోయిన లైను అయిదో రాత్రికి మారుతుంది, తొమ్మిదో రాత్రికి నిలబడుతుంది.

విశాఖ ఉత్సవ్ లాంటి బీచ్ వేదిక మీదో, కాలేజీ ఫెస్టులోనో దొరికేది ఒక్క స్లాటు. పది పన్నెండు నిమిషాలు. ముందు డాన్సు, తర్వాత ఆర్కెస్ట్రా. ఎదురుగా వేలమంది. అక్కడ రేపు అన్నది లేదు. రెండిటినీ ఫెస్టివల్ అనే ఒకే మాటతో పిలుస్తున్నాం కాబట్టి ఒకచోటి సలహా ఇంకోచోటికి వచ్చేసింది.

అయితే ఆ ఇరవై రాత్రులు మనకి లేవా? ఉన్నాయి, వేరే పేరుతో ఉన్నాయి. వినాయక చవితికి గాజువాక నుంచి మధురవాడ దాకా వీధివీధికీ పందిరి లేస్తుంది. చాలాచోట్ల నవరాత్రులు జరుగుతాయి, రోజూ సాయంత్రం పూజయ్యాక ఏదో ఒక కార్యక్రమం కావాలి: పిల్లల డాన్సు, మ్యాజిక్కు, మిమిక్రీ. కమిటీవాళ్లని పది నిమిషాలు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వంద మంది జనం, దగ్గరదగ్గరగా వేసిన కుర్చీలు, మీద షామియానా. నవ్వు నిలవడానికి ఇంతకంటే ఏం కావాలి! ఆ వెంటనే దసరా పందిళ్లు. బీచ్ ఉత్సవాలకి వాతావరణం అనుకూలించేది డిసెంబరు, జనవరిల్లో కాబట్టి, చవితికి మొదలుపెట్టిన జోకు అప్పటికి పన్నెండు పదిహేను సార్లు నోట్లో నలిగి ఉంటుంది. పందిట్లో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ముందు వరసలో పిల్లలు, పక్కన నాయనమ్మలు, ఎదురుగా దేవుడు. పెద్దవాళ్ల విషయాలు, మందు సంగతులు అక్కడ పరీక్షించలేం. వాటికి కేఫేల్లో జరిగే ఓపెన్ మైకులే, అంటే ఎవరైనా ఎక్కి కాసేపు చేయగలిగే వేదికలే గతి.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేం కాదు. బుర్రకథలో కథకుడికి ఒకపక్క హాస్య వంత, ఇంకోపక్క రాజకీయ వంత ఉంటారు. కథ అందరికీ తెలిసిందే, ఏళ్ల తరబడి చెప్పిందే. ఆ ఊరి కరణం మీదో, ఆ వారం ధరల మీదో కొత్త మాట విసిరేది వంతలు. మాట పేలితే సరే, పేలకపోతే కథకుడు అందెలు మోగించి కథ ఎత్తుకుంటాడు, జనం మర్చిపోతారు. పాత కథ కొత్త మాటని మోస్తుంది. ఫెస్టివల్ సెట్, అంటే అక్కడ చెప్పే జోకుల వరస, కట్టే పద్ధతి మొత్తం ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

వేదిక వేసే తప్పుడు తూకం

బీచ్ స్టేజీ మీద వినపడే నవ్వు, నిజంగా వచ్చిన నవ్వు ఒకటి కావు. కారణం మొదట భౌతికశాస్త్రంలోనే ఉంది. మన వాతావరణంలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. స్టేజీకి 70 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి పంచ్ చేరడానికి 0.2 సెకను, వాళ్ల నవ్వు తిరిగి రావడానికి ఇంకో 0.2 సెకను. మొత్తం 0.4. చూడ్డానికి చిన్న అంకె. కానీ కళాభారతిలోనో, సిరిపురం చిల్డ్రన్స్ ఎరీనాలోనో పదిహేను మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ల విషయంలో అది 0.1 సెకను కూడా ఉండదు. హాల్లో అలవాటుపడ్డ కమెడియన్ బీచ్‌లో ముందు వరసల చిన్న నవ్వు వినగానే అంతే అనుకుని తర్వాతి లైను ఎత్తుకుంటాడు. సరిగ్గా అప్పుడే వెనకవాళ్లు నవ్వడం మొదలుపెడతారు. మైకులో మాట వినపడగానే వాళ్లు వినడానికి నోరు మూసుకుంటారు. నవ్వు మధ్యలో తెగుతుంది. ఇలా రెండుసార్లు తెగితే మూడోసారి నవ్వడం మానేస్తారు.

విరుగుడు సులువే, ధైర్యం మాత్రం కావాలి. పంచ్ అయ్యాక మనసులో నింపాదిగా ఒకటి, రెండు అని లెక్కపెట్టి, చూపు చివరి వరసల మీద నిలపాలి. ఆ రెండంకెల నిశ్శబ్దం స్టేజీ మీద యుగంలా ఉంటుంది, కింద ఎవరికీ తెలియదు. దీనివల్ల హాల్లో పది నిమిషాలు పట్టే సెట్టుకి బీచ్‌లో పన్నెండు పడుతుంది. కాబట్టి పన్నెండు నిమిషాల స్లాటుకి పది నిమిషాల సరుకే తీసుకెళ్లాలి.

రెండోది, ఆరుబయట నవ్వు ఆకాశంలోకి పోతుంది. హాల్లో కప్పు, గోడలు దాన్ని తిరిగి జనం మీదికే తోస్తాయి. మనిషి పక్కవాడి నవ్వు విని నవ్వుతాడు. బీచ్‌లో అతనికి వినపడేది తన చుట్టూ ఉన్న పదిమందీ, అలల హోరూ. అందుకే కుర్చీల సంగతి పట్టించుకోవాలి. కుర్చీకీ కుర్చీకీ మధ్య జానెడు కంటే ఎక్కువ ఎడం ఉండకూడదు, ముందు వరసల్లో ఖాళీలు ఉండకూడదు, స్టేజీకి నడిమధ్య ఎదురుగా నడవ ఉండకూడదు. జనం వచ్చాక ఇవేవీ మార్చలేం. మధ్యాహ్నం సౌండ్ చెక్ టైముకే వెళ్లి కుర్చీలు వేసే మేస్త్రీతో మాట్లాడితే అయిపోతుంది. ఆర్గనైజర్‌కి చెబితే ఆ మాట మేస్త్రీ దాకా చేరదు.

ఇక సోఫాలు. మన ఉత్సవాల్లో స్టేజీ ముందు రెండు వరసలు సోఫాలు, వాటి వెనక బారికేడు, ఆ తర్వాత కొంత ఖాళీ, అక్కణ్నుంచి జనం. సోఫాల్లో కూర్చున్న అధికారులూ ప్రజాప్రతినిధులూ కెమెరాలో ఉంటారు. దేనికి నవ్వితే రేపు ఏ క్లిప్పు తిరుగుతుందోనని నవ్వరు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల పరిస్థితి. కానీ కమెడియన్‌కి అందరికంటే దగ్గరగా, లైటు వెలుగులో కనిపించే ముఖాలు అవే. వాళ్లని చూస్తూ చేస్తే ఏ జోకైనా చచ్చినట్టే ఉంటుంది. చూపు బారికేడు దాటించాలి. ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యాక స్లాటు అడిగితే సగం సోఫాలు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీల్లోకి పిల్లల్ని కూర్చోబెట్టమని వాలంటీర్లని అడగొచ్చు. పిల్లలు మొదట నవ్వేస్తారు, అది అంటుకుంటుంది.

మరీ ఆలస్యంగా మాత్రం అడగొద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగ సందర్భాల్లో అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది గానీ, మీ రోజు అందులో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. కార్యక్రమం ఆలస్యమై పది దగ్గరపడిందంటే ఆర్కెస్ట్రాని ఎవరూ ఆపరు, కోత పడేది మీకే. ఆర్కెస్ట్రాకి ముందున్న స్లాటే క్షేమం.

మీకు ముందు ఏం జరిగిందన్నది కూడా తూకంలో పడుతుంది. తప్పెటగుళ్లో ధింసానో అయ్యాక వస్తే జనం ఒళ్లంతా ఇంకా తాళంలోనే ఉంటుంది. అప్పుడు తగ్గు గొంతుతో తాపీగా కథ మొదలుపెడితే ఎవరూ వినరు. మొదటి అరనిమిషం పొట్టి వాక్యాలే ఉండాలి, మొదటి నవ్వు పదిహేను సెకన్ల లోపు రావాలి.

మౌనం మోసం చేసినట్టే నవ్వు కూడా మోసం చేస్తుంది. దీన్ని అరువు నవ్వు అనుకోవచ్చు. జగదాంబ అనగానే ఈలలు, మద్దిలపాలెం అనగానే కేకలు, మూరీ మిక్చర్ పేరెత్తితే చప్పట్లు. అది జోకుకి వచ్చింది కాదు, ఊరికి వచ్చింది. హీరో గొంతు అనుకరిస్తే వచ్చేదీ అంతే. వాడుకోవడంలో తప్పు లేదు, జోకుల లెక్క రాసుకునే పుస్తకంలో ఆ జోకుకి మార్కులు వేసుకోవడమే తప్పు. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. జగదాంబ తీసేసి అక్కడ విజయవాడ బెంజి సర్కిలో హైదరాబాద్ కోఠీ సెంటరో పెట్టి చదవండి. నవ్వు మిగిలితే జోకు మీది.

తెలుగు వాక్యం చేసే పని

ఇంగ్లిష్‌లో రాసిన స్టాండప్ పాఠాలన్నీ పంచ్ మాట వాక్యం చివర పెట్టమంటాయి. తెలుగులో వాక్యం చివర సాధారణంగా క్రియ ఉంటుంది, అది నవ్వించే మాట కాదు. కొత్త జోకు తేలిపోవడానికి నాకు తెలిసి ఇంతకు మించిన కారణం లేదు, దీని గురించి పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఒక జోకు తీసుకుని చూద్దాం. మొదటిసారి కాగితం మీద పడినప్పుడు ఇలా ఉంటుంది:

"మధురవాడలో సీ వ్యూ ఫ్లాటని చెప్పి చూపించడానికి తీసుకెళితే, బాల్కనీలోకి వెళ్లి సముద్రం ఎక్కడుందని అడిగితే, వాటర్ ట్యాంకు ఎక్కితే కనిపిస్తుందని బ్రోకరు చెప్పాడు."

నవ్వు ట్యాంకు దగ్గరుంది. ఆ మాట తర్వాత ఇంకా నాలుగు మాటలున్నాయి: ఎక్కితే, కనిపిస్తుందని, బ్రోకరు, చెప్పాడు. చురుకైనవాళ్లు ట్యాంకు దగ్గరే నవ్వబోతారు, మాట్లాడుతున్నారు కదా అని ఆగుతారు. వాక్యం ముగిసేసరికి నవ్వు చల్లారిపోతుంది. ఇదే జోకు నోటికి తగ్గట్టు విరిస్తే:

"మధురవాడలో ఫ్లాట్ చూడ్డానికెళ్లాం. బ్రోకరు అన్నాడూ... సీ వ్యూ సార్! బాల్కనీలోకెళ్లాను. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు. సముద్రమేదయ్యా? పైకి చూపించాడు. ట్యాంకెక్కాలి."

అన్నాడు అనే మాట ముందుకొచ్చింది, ఇక చివర దాని అవసరం లేదు. బ్రోకరు మాట బ్రోకరు గొంతులోనే వచ్చింది. ట్యాంకు, ఎక్కాలి కలిసి సంధిలో ఒకే మాటయ్యాయి, దాని తర్వాత ఏమీ లేదు. మొదటి మాట నుంచి నవ్వు దాకా పదహారు మాటలే, పది సెకన్లలో అయిపోతుంది. దీనికి రెండు ట్యాగులు, అంటే పంచ్ వెనకే వేసే తోక మాటలు, కట్టొచ్చు. "ఎక్కాను. కనబడింది." ఇక్కడ అరసెకను ఆగాలి, జనం మనసులో సముద్రం రావాలి. "ఇంకో ట్యాంకు." మళ్లీ నవ్వు. "దాని మీద ఒకాయన. ఇటే చూస్తున్నాడు." ఈ చివరిది మాటలకంటే చేత్తో పండుతుంది: నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి, జనం వైపు చూడ్డం.

బీచ్‌లో ఇదే జోకుకి ఓ చిక్కు వస్తుంది. చాలాసార్లు స్టేజీ వెనకే సముద్రం ఉంటుంది, జనానికి ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. సముద్రమేదయ్యా అన్నప్పుడు మీరు పొరపాటున వెనక్కి తిరిగితే బాల్కనీ మాయమై బీచ్ మిగులుతుంది. చూపు ఎడమపక్క స్పీకర్ల మీదికి పోవాలి, చెయ్యి పైకి లేవాలి. హాల్లో పది సార్లు చేసినా ఈ సంగతి తెలియదు. పెద్ద వేదిక మీద తెలుసుకోవాల్సిన కొత్తదనం అంటే ఇలాంటిదే, జోకు నవ్విస్తుందా లేదా అన్నది కాదు.

యాస సంగతి వేరు. ఏటి, బేగి, చెప్పీసినాడు, ఎల్లిపోనాడు అనే మాటలు ఉత్తరాంధ్ర ఇళ్లల్లో రోజూ వినపడేవే. సినిమాలు వాటిని చాలాకాలంగా పనివాళ్లకీ దొంగలకీ అంటగట్టాయి. అందుకే వేదిక మీద ఎవరైనా ఆ యాస ఎత్తుకోగానే ఇక్కడి జనం మొదట చూసేది, ఇతను మనవాడా, మనల్ని ఎగతాళి చేసేవాడా అని. మీ ఇంట్లో ఆ యాస లేకపోతే అనుకరించకపోవడమే మర్యాద. ఉంటే, యాసలో మాట్లాడే మనిషికే జోకులో ఆఖరి మాట ఇవ్వండి. పై జోకులో ట్యాంకు మాట బ్రోకరుది, మోసపోయింది చెప్పేవాడు. అక్కడ బ్రోకరు "టేంకెక్కాల బావూ" అన్నా జనం మీ పక్కనే ఉంటారు. అటూ ఇటూ మార్చి, యాస మాట్లాడే అమాయకుణ్ని సూటుబూటు మనిషి ఆటపట్టించినట్టు రాస్తే ఈ ఊళ్లో అది నడవదు, నడవకూడదు కూడా.

ఇంకో భాషా సమస్య ఉంది. నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంటు, రుషికొండ ఐటీ కంపెనీల వల్ల విశాఖ జనంలో హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడేవాళ్లు కలిసి ఉంటారు. వాళ్లకోసం పంచ్‌ని రెండు భాషల్లో చెప్పడం వద్దు, రెండోసారికి నవ్వు రాదు. పంచ్‌కి ముందు కట్టే సెటప్‌లో ఒక్క హిందీ మాటో ఇంగ్లిష్ మాటో దారి చూపిస్తే చాలు, పంచ్ తెలుగులోనే ఉండనివ్వండి. తెలియనివాళ్లు పక్కవాళ్లని చూసి నవ్వుతారు.

పన్నెండు నిమిషాల్లో మూడు

ఫెస్టివల్ స్లాటులో కొత్తది పావు వంతు మించకూడదు. పన్నెండు నిమిషాలకి మూడు, అదీ ఒకే ముద్దగా కాకుండా ఒక్కొక్కటి నిమిషం, నిమిషంపావు ఉండే రెండు మూడు ముక్కలుగా. ఆ ముక్కలు కూడా అంతకుముందు చిన్నచోట్ల కనీసం అయిదుసార్లు పడి, మూడుసార్లన్నా గట్టిగా నవ్వించినవై ఉండాలి. నిన్న రాత్రి రాసింది ఇవాళ బీచ్‌లో చెప్పకూడదు, ఎంత బాగుందనిపించినా సరే.

మొదటి రెండు నిమిషాలు నమ్మకమైనవి, చివరి రెండు నిమిషాలు అన్నిటికంటే గట్టివి. కొత్త ముక్క మొదటిది నాలుగో నిమిషం ప్రాంతంలో రావాలి. ఎక్కువమంది చేసే పొరపాటు దాన్ని తమ అతిపెద్ద జోకు వెనకే పెట్టడం. ఊపు మీదున్నారు, దీనికీ నవ్వుతారు అనుకుంటారు. నవ్వుతారు నిజమే, అది ముందు జోకు తాలూకు మిగులు నవ్వు. దాన్ని చూసి కొత్త ముక్క గట్టిదనుకుంటే తర్వాతి ఊళ్లో దెబ్బ తగులుతుంది. మధ్యరకం జోకు వెనక పెడితే తూకం నిజంగా ఉంటుంది. కొత్త ముక్కలో వరసగా రెండు పంచ్‌లు పోతే మూడోదాని కోసం ఆగొద్దు. పాత జోకులోకి దూకడానికి ఒక్క వాక్యం ముందే రాసి పెట్టుకోవాలి. కథకుడి అందెల్లాగా.

యాంకర్ వచ్చి "మీకు పన్నెండు కాదండీ, ఎనిమిదే" అనడం మన వేదికల మీద మామూలే. అతిథి ఆలస్యంగా వస్తారు, జ్యోతి ప్రజ్వలన మళ్లీ జరుగుతుంది. అందుకని పన్నెండు, ఎనిమిది, అయిదు నిమిషాల సెట్లు మూడూ ముందే కట్టుకుని టైము చూసుకుని ఉండాలి. ఎనిమిదిలో ఒకే కొత్త ముక్క. అయిదులో కొత్తది అసలుండదు. స్టేజీ మెట్ల దగ్గర నిలబడి ఏది తీసెయ్యాలా అని ఆలోచించేవాడు ముందుగా తన మొదటి లైను మర్చిపోతాడు.

మర్చిపోవడం గురించి కూడా. కొత్త లైను తలలో ఉంటుంది, నోట్లో ఉండదు. మౌనంగా చదువుకుంటే నోటికి రాదు. ఫ్యాను, టీవీ పెట్టుకుని, నడుస్తూ, గట్టిగా ఇరవైసార్లు చెప్పాలి. ఏ మాట దగ్గర నాలుక తడబడిందో ఆ మాట మార్చాలి, నాలుకని కాదు. నవ్వులు పోను తెలుగులో నిమిషానికి తొంభై, వంద మాటలు లెక్కేసుకోవచ్చు. నిమిషంపావు ముక్క రెండు వందల మాటలు ఉందంటే అందులో కథ ఎక్కువై జోకు తక్కువైందని అర్థం. స్టేజీ మీద గుర్తుకి, నీళ్ల సీసా లేబుల్ మీద మార్కర్‌తో అయిదారు మాటలు రాసుకుంటే చాలు. నీళ్లు తాగితే ఎవరూ ఏమీ అనుకోరు, ఫోన్ తీసి చూస్తే వేలమంది చూస్తారు. పందిట్లోనో ఓపెన్ మైకులోనో "ఇది కొత్తదండీ" అని చెప్పి మొదలుపెట్టొచ్చు. ఫెస్టివల్లో ఆ మాట అంటే జనం చేతులు కట్టుకుని కూర్చుంటారు.

మైకు, గాలి, కెమెరా

సాయంత్రం సముద్రం నుంచి వచ్చే గాలి మైకులో బుస్సుమంటుంది. చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు అడగండి, ఎస్ఎం58 లాంటిది ఏదైనా సరే, దానికి ఫోమ్ తొడుగు మాత్రం ఉండాలి. వంద రూపాయల వస్తువే, సౌండువాళ్ల దగ్గర ఉండదు. సొంతది ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. కాలరుకి పెట్టే మైకు బీచ్‌లో ఒద్దు, దానికి గాలీ బట్టల చప్పుడూ రెండూ తగులుతాయి. డెస్కులో లో కట్ నొక్కమనండి, వంద హెర్ట్జ్ కింది హోరు పోతుంది. మైకుని నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకి వంచి పట్టుకుంటే ప, ఫ, భ దగ్గర టప్పుమని పేలదు. జాలీ తలని గుప్పిట్లో మూయకూడదు. అలా మూస్తే మైకు అన్నివైపుల శబ్దాన్నీ లాక్కుంటుంది, కూత పెడుతుంది. నవ్వు వస్తున్నప్పుడు మైకు దించేయండి, లేకపోతే మీ ఊపిరి వేలమందికి వినపడుతుంది.

వెనకున్న జనం మిమ్మల్ని చూడరు, ఎల్ఈడీ తెరని చూస్తారు. కాబట్టి కెమెరా అతను మీ సగం ప్రేక్షకుల కన్ను. పంచ్ టైముకి అతను కెమెరాని జనం మీదికి తిప్పితే, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసే ఆ ట్యాంకు మనిషి ఎవరికీ కనపడడు. నడుం పైనుంచి ముఖం కనబడేలా పెట్టి, సెట్ అయ్యేదాకా కదపొద్దని ముందే అడగండి.

లైవ్ ఉందా అని కూడా అడగండి. యూట్యూబ్‌లో లైవ్ వెళ్లిన జోకు మర్నాడు పొద్దునకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. సగం తయారైన రూపంలో ఊరంతా చూసేస్తే, దాన్ని ఎంత బాగు చేసినా ఈ ఊళ్లో మళ్లీ చెప్పలేరు. లైవ్ ఉంటే మూడు నిమిషాల కొత్తదాన్ని ఒక్క నిమిషానికి దించాలి.

మధ్యలో ఎవరైనా అరిస్తే

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఉంటాడు. అవధాని ధార తెంపడమే అతని పని. అవధాని ఒక్క మాటలో చురుగ్గా జవాబిచ్చి, మళ్లీ పద్యంలో వదిలిన పాదం దగ్గరికే వెళ్తాడు. స్టాండప్‌లో మధ్యలో అరిచేవాళ్లని ఎదుర్కొనే పద్ధతి మనవాళ్లు ఎప్పుడో చేసి చూపించింది ఇదే. బీచ్‌లో ఒకటి కలపాలి: అతనేమన్నాడో మీరు మైకులో తిరిగి చెప్పాలి, ఎందుకంటే మిగతా వేలమందికి వినపడలేదు. చెప్పకుండా జవాబిస్తే మీరు గాల్లో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒక్క జవాబు, అంతే. రెండో విడత మొదలైతే సెట్ అతనిదైపోతుంది. తెగింది పాత జోకైతే వదిలినచోట అందుకోవచ్చు. కొత్తదైతే సెటప్ నుంచి మళ్లీ ఎత్తుకోవాలి, లేదా వదిలేయాలి. సగం సెటప్ మర్చిపోయిన జనం ముందు పంచ్ వేసి, పోయిందని రాసుకుంటే జోకుకి అన్యాయం చేసినట్టే.

ముందు వరసవాళ్లతో మాట కలిపేటప్పుడు వరస తెలియాలి. పెద్దవాళ్లని అమ్మా, బాబుగారూ అనడం, కుర్రాళ్లని తమ్ముడూ అనడం ఇక్కడ చెల్లుతుంది. కుటుంబంతో వచ్చిన ఆడవాళ్లని పెళ్లయిందా, ఆయనెక్కడ అని అడగడం ఎక్కడో చూసిన క్రౌడ్ వర్క్ అలవాటు. బీచ్‌లో ఒక్క ప్రశ్నతో పది వరసలు బిగుసుకుపోతాయి.

ఏది పరీక్షకి పెట్టకూడదు

కొన్ని విషయాలు ఈ ఊరికి ఇంకా పచ్చిగా ఉన్నాయి. 2020 మే 7న జరిగిన గ్యాస్ లీకులో ప్రాణాలు పోయాయి. దాని మీద కొత్త జోకు వేలమంది ముందు పరీక్షించడం తప్పు. స్టీల్ ప్లాంటు కూడా అంతే. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణకి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి అది ఉద్యోగుల కుటుంబాల అన్నం సంగతి. నిర్ణయాల మీద జోకు నిలబడుతుంది, కార్మికుడి మీద నిలబడదు. హుద్‌హుద్ తుపాను దీనికి భిన్నం. 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, నీళ్ల క్యాన్ల కోసం తిరిగిన జనం తమ కష్టం మీద తామే నవ్వుకున్నారు. కొవ్వొత్తులు, క్యూలు, ఫోన్ చార్జింగ్ కోసం పడ్డ పాట్లు ఇప్పటికీ నవ్విస్తాయి. చెప్పేవాడు ఆ వారం ఇక్కడే ఉన్నాడని జనానికి అనిపించాలి, అంతే.

చట్టం వైపు చూస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మత భావాలను కావాలని గాయపరచడం 299వ సెక్షన్, బహిరంగంగా అశ్లీలం 296, పరువు నష్టం 356. పందిట్లో తడబడి మార్చుకునే మాట బీచ్‌లో వీడియో సాక్ష్యంగా మిగులుతుంది. దేవుడు, కులం, బతికున్న నాయకుడి పేరు ఉన్న లైను ఏదైనా పెద్ద వేదికకి వచ్చేసరికి అక్షరం అక్షరం ఖాయమై ఉండాలి, అక్కడికక్కడ అల్లకూడదు.

ఆ రాత్రి వినాల్సింది

సౌండ్ డెస్కు నుంచి ఇచ్చే రికార్డింగు మీకు పనికిరాదు. అందులో మీ మైకు ఒక్కటే ఉంటుంది, నవ్వు ఉండదు. అది విని నిరాశపడి మంచి జోకులు తీసేసినవాళ్లున్నారు. ఒక స్నేహితుణ్ని పదో వరసలో, ఇంకొకరిని చివర్లో కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయమనండి. ఒళ్లో పెట్టుకుంటే చాలు, జేబులో పెడితే గుడ్డ చప్పుడే వస్తుంది.

పుస్తకంలో ప్రతి పంచ్‌కీ ఒక వరస. నవ్వు లేకపోతే సున్నా, అక్కడక్కడా వస్తే ఒకటి, అందరూ నవ్వితే రెండు. నవ్వు మూడు సెకన్లు దాటినా, చప్పట్లు కలిసినా మూడు. పక్కన గాలి, టైము, ముందు జరిగిన కార్యక్రమం, సోఫాలు నిండి ఉన్నాయా లేదా అన్నవి. నవ్వు పంచ్ కంటే ముందే వచ్చిందా అన్నది కూడా రాయండి. వస్తే సెటప్‌లోనే గుట్టు బయటపడింది, ఒక మాట కోసేయాలి. పదో వరసలో రెండు, చివర్లో సున్నా వస్తే తప్పు జోకుది కాదు, మాట అక్కడికి చేరలేదు. రెండుచోట్లా సున్నా అయితే ఆ ముక్క ఇంకో మూడు చిన్న వేదికల మీద పడేదాకా కొట్టివేయకూడదు, పెద్ద వేదిక మీదికి తేనూ కూడదు.

ట్యాంకు జోకులో మామూలుగా దొరికే తప్పు ఇలా ఉంటుంది. చివరి వరస రికార్డింగులో "ఇంకో ట్యాంకు" తర్వాత నవ్వు లేస్తుంటుంది, దాని మీదే "దాని మీద ఒకాయన" అనే గొంతు వినపడుతుంది. "ఇటే చూస్తున్నాడు" అసలు వినపడదు. ట్యాగుకి సున్నా వేయబోతున్న చెయ్యి అక్కడ ఆగాలి. మార్చాల్సింది మాటల్లో ఏమీ లేదు. ట్యాంకుకీ ఒకాయనకీ మధ్య ఎర్ర సిరాతో ఒక నిలువు గీత, పక్కన "రెండు లెక్కపెట్టు."